నెబ్రాస్కా పొలంలో నేను పెట్టిన సమాధి

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. నాకు జలుబు చేస్తే, ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఫోనులో అది న్యుమోనియాకు కాస్త ఇవతల ఉంటుంది. ఇక్కడ సౌదీలో దమ్మాం హైవే పక్కన ఒక ఒంటె కనబడితే, ఖోబర్‌లో మా ఇంటి మెట్లెక్కేసరికి అది మంద అయిపోతుంది. అందులో ఒకటి నా కారు కిటికీలోంచి తల లోపలికి పెట్టి కూడా ఉంటుంది.

ఆఫీసులో నా పక్క సీటు శ్రీశైలానిది. నిజామాబాద్ వాడు. కొత్తగా చేరినవాళ్ళకి ఇక్కామా, అంటే ఈ దేశంలో ఉండటానికిచ్చే కార్డు, ఎప్పుడొస్తుందో, క్యాంటీన్లో ఏ రోజు ఏం తినకూడదో చెప్పాక మూడో పాఠంగా నా గురించి చెబుతాడు. "మూర్తన్న చెప్పిన దాంట్ల సగం తీసెయ్యాలె. మిగిలినదాంట్ల మల్ల సగం తియ్యాలె. గప్పుడు మిగిలిందే నిజం."

నేనేం నొచ్చుకోను. ఉప్పు లేని పప్పు ఎవరు తింటారు? కాకపోతే నాకూ ఒక నియమం ఉంది. ఉన్నదాన్ని పెంచుతాను, లేనిదాన్ని పుట్టించను. ఒంటె ఉంటేనే మంద.

దయ్యాల విషయంలో మాత్రం నా దగ్గర పెంచడానికి కూడా సరుకు ఉండేది కాదు. పాలకొల్లులో మా హైస్కూలుకి అడ్డదారి శ్మశానం గుండానే. అక్కడ గోలీలాడాం, పరీక్షలకి చదువుకున్నాం, దొంగతనంగా తెచ్చిన మామిడికాయలు అక్కడే కోసుకుని తిన్నాం. ఒక్క దయ్యమైనా కనబడి ఉంటే ఈపాటికి దాని సంసారం మొత్తం మీకు పరిచయం చేసి ఉండేవాణ్ణి. కనబడలేదు, నమ్మలేదు. ఇప్పుడు చెప్పబోయే దానికి కూడా ఆ పేరు నేను పెట్టడం లేదు. జరిగింది చెబుతాను, పేరు మీరే పెట్టుకోండి.

ధహ్రాన్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో నేను మ్యాపులు గీస్తాను. పైపులైను ఎటునుంచి ఎటు పోతుంది, దారిలో ఏ రోడ్డు తగులుతుంది, ఏ కంచె తగులుతుంది, అన్నీ కంప్యూటర్లో గీసి, రంగులు వేసి, ఏ గుర్తుకి ఏమిటి అర్థమో ఒక మూల పట్టిక పెట్టడం నా పని. మాకు సర్వే సలహాదారుగా హెరాల్డ్ అనే అమెరికన్ ఉండేవాడు. ఖర్జూరం చెట్టంత పొడుగు. ఆయన కాఫీ కప్పంత గిన్నెలోనే మా చిన్నప్పుడు పిల్లలకి స్నానం చేయించేవారు. రిటైరవ్వాల్సిన వయసు దాటినా ఏటా ఒక ఏడాది పొడిగించుకుంటూ ఉండిపోయాడు. మేమంతా ఆయన ముందు 'సర్' అనీ, వెనక 'హెరాల్డ్ గారు' అనీ అనేవాళ్ళం.

ఆయనది నెబ్రాస్కాలో మొక్కజొన్న పొలాల మధ్య ఒక పల్లె. అమెరికా అంటే మనకి తెలిసిన అమెరికా కాదు. మైళ్ళ తరబడి మనిషి కనబడని మైదానం. దాన్ని ఒకప్పుడు ప్రభుత్వం రూళ్ళకర్ర పెట్టి గీసినట్టు చతురస్రాలుగా కోసి, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు పంచింది. చెట్లు లేవు కనక వాళ్ళు నేలనే పెళ్ళలుగా కోసి, ఇటుకల్లా పేర్చి ఇళ్ళు కట్టుకున్నారు. ఆ మొదటితరం వాళ్ళు ఎవరు, ఏ ముక్కలో కాపురం పెట్టారు, ఎక్కడ పాతిపెట్టబడ్డారు అన్నది ఆ ఊరివాళ్ళు ఇప్పుడు పుస్తకంగా వేస్తున్నారు. అరిగిపోయిన సమాధి రాళ్ళ మీదికి అద్దంతో ఎండను ఏటవాలుగా పడేసి, అక్షరాల నీడలు లేచేలా చేసి ఫోటోలు తీస్తారట. ఆ ఫోటోలు, పాత భూముల పటాలు, మనవలు, మునిమనవలు రాసి పంపిన ముచ్చట్లు, అన్నీ హెరాల్డ్ దగ్గరికి వచ్చేవి. మ్యాపు గీయడానికి ఆయనకి నేను దొరికాను.

పని మీద పని అని మొదట విసుక్కున్నాను. తీరా ఆ ముచ్చట్లు చదివితే ప్రాణం లేచొచ్చింది. మిడతలు వచ్చి పంటతో పాటు పారల పిడులు కూడా తినేశాయని రాశారు. చలికి ఆవు మూలుగు గొంతులోనే గడ్డకట్టి, ఎండాకాలం వచ్చాక కరిగి వినబడిందని ఒకాయన రాశాడు. వీళ్ళు నా వాళ్ళు. నేను పుట్టాల్సింది పాలకొల్లులో కాదు, పొరపాటున పుట్టేశాను అనిపించింది.

హెరాల్డ్‌కి మాత్రం అది సరదా కాదు. ఆయన ఈ పనంతా ఒక్క మనిషి కోసం చేస్తున్నాడు.

ఆయన తల్లి అక్కడ ఒక వృద్ధాశ్రమంలో ఉంది. తొంభై దాటింది. ఆవిడ తండ్రికి పసితనంలోనే కన్నవాళ్ళు పోతే, ఆయన్ని వాళ్ళ ఇంట్లో వంటచేసే ఒకావిడ పెంచింది. చుట్టం కాదు. అందరూ 'ఆంట్' అనేవారు. ఆవిడకి అంతకు మించి పేరుందని ఎవరికీ తెలియదు. హెరాల్డ్ తల్లి ఊహ తెలిసీ తెలియని వయసులో ఉండగా ఆ ఆంట్ పోయింది. గడ్డు చలికాలం, మంచుకి దారులు మూసుకుపోయాయి, చర్చి దాకా తీసుకెళ్ళలేక పొలంలోనే ఎక్కడో పాతిపెట్టారు. పసిపిల్లని పక్కింట్లో ఉంచారు, చూడనివ్వలేదు. తర్వాత అప్పుల్లో పొలం పోయింది, ఊరు మారారు. ఆ చోటు తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు.

ఇప్పుడా తల్లి కోరేది ఒక్కటే. తను పోయేలోపు ఆంట్ సమాధికి ఒక రాయి వెయ్యాలి. హెరాల్డ్ చర్చి కాగితాలు వెతికించాడు, భూమి పత్రాలు వెతికించాడు, జనాభా లెక్కలు చూశాడు. ఎక్కడా ఆవిడ లేదు. తల్లికి గుండె బలహీనపడుతోంది. హెరాల్డ్‌కా, కంపెనీ ఈసారి పొడిగించలేదు, దేశం వదిలి వెళ్ళిపోయే ఫైనల్ ఎగ్జిట్ కాగితాలు మొదలయ్యాయి. వెళ్ళి అమ్మకి ఏం చెప్పాలి మూర్తీ అని ఒకసారి ఆ కాఫీ బకెట్టు కింద పెట్టి నన్ను అడిగాడు.

ప్రతి శుక్రవారం ఆయన తల్లికి వీడియో కాల్ చేసేవాడు. మనకి జుమా నమాజు అయ్యాక మధ్యాహ్నం, వాళ్ళకి ఉదయం. ఆ వారం వచ్చిన కుటుంబాల ముచ్చట్లు ఆవిడకి చదివి వినిపించేవాడు. ఏదో ఒకదాంట్లో ఆంట్ జాడ తెలుస్తుందేమోనని ఆవిడ ఆశ.

ఇప్పుడు నా పొరపాటు దగ్గరికి వస్తున్నాను.

మ్యాపు గీసేవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. కొత్త గుర్తు తయారుచేసినప్పుడు అది కాగితం మీద ఎలా కనబడుతుందో చూడటానికి ఎక్కడో ఖాళీ చోట ఒకటి ఉత్తుత్తిగా పెడతాం. పక్కన ఉత్తుత్తి రాత కూడా పెడతాం, అక్షరాలు ఇముడుతున్నాయో లేదో చూడటానికి. పని అయ్యాక తీసేస్తాం. శ్రీశైలం లాంటివాళ్ళు ఆ రాత బదులు వరసగా ఎక్సులు కొట్టి ఊరుకుంటారు. నాకు చేతులూరుకోవు. నా ఉత్తుత్తి రాతలు అరపేజీ కథలు. ఆఫీసులో అందరికీ తెలుసు. ఒకసారి ఒక వాల్వు పక్కన నేను రాసిన ఉత్తుత్తి ప్రేమకథ క్లయింటు దాకా వెళ్ళింది, అది వేరే సంగతి.

చర్చి పక్క శ్మశానాలకి గుర్తు ఉంది. పొలంలో ఒంటరి సమాధికి గుర్తు లేదు. ఒకటి తయారుచేశాను. ఆ పటంలో వాగు మలుపు తిరిగే దగ్గర ఒక మూల ఏ రాతా లేకుండా ఖాళీగా ఉంది. అక్కడ పెట్టాను. ఎందుకక్కడే అంటే, అక్కడ ఖాళీ ఉంది.

రాతకి మా మేనత్త గుర్తొచ్చింది. మా నాన్నకి అక్క, తల్లి పోతే నాన్నని పెంచిన మనిషి. ఆవిణ్ణి తీసుకెళ్ళి ఆ మైదానంలో పెట్టి నాలుగైదు వాక్యాలు ఇంగ్లీషులో కొట్టాను. ఇక్కడ ఒక స్త్రీ ఉండేది. పేరు తెలియదు. పొద్దున్నే గడప బయట ఊడ్చి, పొయ్యిలోని బూడిద జల్లించి, వేళ్ళ సందునుంచి వదులుతూ నేల మీద ముగ్గులాంటిది వేసేది. ఇంట్లో అందరూ తినేదాకా కూర్చునేది కాదు. ఆవును తిట్టిన తిట్లు పక్క పొలానికి వినబడేవి. అంతే.

గురువారం సాయంత్రం, ఇక్కడ శుక్ర, శని సెలవులు, వారాంతం తొందర. హెరాల్డ్ ఫైలు అడిగాడు. పంపేశాను. ఆ ఉత్తుత్తి గుర్తూ రాతా ఉన్న పొర, అదే లేయరు, ఆఫ్ చెయ్యడం మర్చిపోయాను.

ఆదివారం ఆఫీసుకి వెళ్ళేసరికి ఆయన నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అంత మనిషి ఆ కుర్చీలో కూర్చుంటే కుర్చీ కనబడలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. శుక్రవారం తల్లికి చదివి వినిపించాడట. ఆ బూడిద మాట రాగానే ఆవిడ ఆపమని చెయ్యెత్తిందట. మళ్ళీ చదవమందట. మూడోసారి చదివించుకుని, ఈ మనిషి మా ఆంటే అందట. ఎవరు రాసి పంపారు మూర్తీ, వాళ్ళ అడ్రసు ఇవ్వు అన్నాడు.

శ్రీశైలం తన స్క్రీను వెనక్కి తల దించేశాడు. వాడికి వెంటనే అర్థమైపోయింది.

చెప్పేశాను. అది ఎవరూ పంపలేదు, అక్షరాల కొలత చూసుకోవడానికి నేను కొట్టిన రాత, మా మేనత్త గురించి, సమాధి గుర్తు కూడా ఉత్తుత్తిదే, క్షమించండి అని. హెరాల్డ్ తిట్టి ఉంటే బాగుండేది. కుర్చీలోంచి లేచి, అమ్మకి ఈ మాట నేను చెప్పలేను, శుక్రవారం నువ్వే వచ్చి చెప్పు అన్నాడు.

ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. ఇది పెంచడం కాదు, మా ఆవిడ పద్మని అడగండి. తొంభై ఏళ్ళు దాటిన మనిషి, గుండె బాగాలేదు, జీవితమంతా వెతుక్కున్నది దొరికిందని నమ్మింది. నేను వెళ్ళి, అది అబద్ధం తల్లీ అని చెప్పాలి. సీటు దగ్గర కూర్చుని ఎలా చెప్పాలో రాసుకుంటూ కొట్టేసుకుంటూ ఉంటే శ్రీశైలం టీ తెచ్చి పెట్టాడు. "అన్నా, ఈసారి ఏం కలపకు. సీదా చెప్పు. ముసలమ్మ పానం మీదికొస్తది."

శుక్రవారం, విదేశీయులుండే కాంపౌండ్‌లో హెరాల్డ్ విల్లాకి వెళ్ళాను. సగం సామాను అట్టపెట్టెల్లోకి వెళ్ళిపోయింది. గోడకి మేకులు మాత్రం ఉన్నాయి. పట్టపగలు, కిటికీ నిండా ఎండ, బయట తోటమాలి గడ్డి కోసే యంత్రం చప్పుడు. భయపెట్టే వాతావరణం ఏమీ లేదని మనవి.

తెర మీద ఆవిడ కనబడింది. చిన్న మొహం, తెల్లటి ఉన్ని శాలువా. చెవులకి యంత్రాలు పెట్టుకుంది కానీ మాట స్పష్టంగా ఉంది. నేను అంతా చెప్పాను. ఏమీ కలపలేదు. అది నేను రాసింది, మా నాన్నని పెంచిన మేనత్త గురించి రాసింది, ఇండియాలో మా ఆడవాళ్ళు గడప ముందు ముగ్గు వేస్తారు, మీ ఆంట్‌కీ దానికీ సంబంధం లేదు అన్నాను.

ఆవిడ కోపగించుకోలేదు. నన్ను ఒక ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్నని ఆవిడ అన్నది అన్నట్టుగా తెలుగులో పెడుతున్నాను.

"మీ అత్త కూడా, మగవాళ్ళు లేచి బయటికొచ్చే లోపల, దాన్ని ఎడమకాలితో చెరిపేసేదా?"

నేను అది రాయలేదు.

నా చేతిలో ఉన్న కాఫీ నా ఒళ్ళోకి ఎప్పుడు వచ్చిందో తెలియదు. కాలింది కూడా తర్వాతే తెలిసింది. అవునమ్మా అన్నాను. చెరిపేసేది. ఎడమకాలితోనే.

అప్పుడావిడ చెప్పింది. తనకి నాలుగేళ్ళో ఐదేళ్ళో. తెల్లవారుతుండగా లేచి తలుపు సందులోంచి చూసింది. ఆంట్ వంగి బూడిద వదులుతోంది, ఒక పువ్వులాగ ఏదో వచ్చింది. లోపల మగవాళ్ళ బూట్ల చప్పుడు వినబడగానే నిలబడి, ఎడమ పాదంతో అటూ ఇటూ తుడిచేసి, పాప చూసిందని గమనించి, పెదాల మీద వేలు పెట్టింది. చర్చివాళ్ళు వింటే ఊరుకునే రోజులు కావు. ఆ పాప ఆ వేలిని ఇన్నేళ్ళూ గౌరవించింది. తల్లిదండ్రులకి చెప్పలేదు, మొగుడికి చెప్పలేదు, కొడుక్కి చెప్పలేదు. హెరాల్డ్ అక్కడే, నా ఎదురుగా, మొదటిసారి విన్నాడు.

చివరికి ఆవిడ అంది, ఆ గుర్తు పెట్టిన చోట ఒకసారి చూడండి.

నేను వద్దన్నాను. అక్కడ ఖాళీ ఉందని పెట్టానమ్మా అన్నాను. ఆవిడ వినలేదు. తొంభై దాటినవాళ్ళతో ఎవరు వాదించగలరు?

ఆ రోజు ఇంటికి బయల్దేరి, ఖోబర్ వైపు తిరగాల్సిన చోట తిరగకుండా తిన్నగా పోయాను. స్పృహ వచ్చేసరికి బహ్రెయిన్ వంతెన టోల్ గేటు ముందున్నాను. జేబులో పాస్‌పోర్టు లేదు, బట్టల మీద కాఫీ. గేటులో ఉన్న కుర్రవాడు నా మొహం చూసి, ఏమీ అడక్కుండా వెనక్కి తిరిగే దారి చూపించాడు.

నెబ్రాస్కాలో అప్పటికి మొక్కజొన్న కోతలు అయిపోయాయి, నేల ఇంకా గడ్డకట్టలేదు. హెరాల్డ్ మేనల్లుడు, ఒకప్పుడు వాళ్ళదే అయిన ఆ పొలం ఇప్పటి ఆసామిని అడిగి, చేతిలో ఒక పొడవాటి ఇనుప చువ్వ పట్టుకుని వెళ్ళాడు. వాళ్ళు పాత సమాధులు అలాగే వెతుకుతారట. చువ్వ గుచ్చుకుంటూ పోతారు. తవ్విన నేల, తవ్వని నేల చేతికి వేరుగా తెలుస్తాయి.

వాగు మలుపు దగ్గర ఆ మూల దున్నరు. ట్రాక్టరు తిప్పుకోవడానికి వదిలేసిన ముక్క అది. అందుకే పటంలో కూడా ఖాళీగా ఉంది. దున్నకుండా ఎందుకు వదిలేశారు అంటే, ఆసామి, మా నాన్న కూడా దున్నేవాడు కాదు అన్నాడు. అంతకు మించి అతనికీ తెలియదు.

చువ్వ రాయికి తగిలింది. గడ్డి పెళ్ళ లేపారు. తల దగ్గర ఒక బల్లపరుపు రాయి, కాళ్ళ దగ్గర ఒకటి, మధ్య రెండు వరసలుగా చిన్న రాళ్ళు. మనిషి పొడుగు. పేరు లేదు, అక్షరం లేదు. అంతకు మించి తవ్వలేదు, తవ్వకూడదన్నారు.

ఫోటో వచ్చింది, చోటు కొలతలు వచ్చాయి. నేను పెట్టిన గుర్తుకి అది ఎంత దూరంలో ఉందో నా నోటితో చెబితే మీరు నమ్మరు. అందుకే మౌస్ శ్రీశైలం చేతికిచ్చి నువ్వు కొలిచి చూడు అన్నాను. వాడు కొలిచాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొలిచాడు. ఈ గల్ఫులో నన్ను ఎరిగిన ఇన్నేళ్ళలో వాడు ఆ మాట అనడం అదే మొదలు.

"అన్నా, దీంట్ల తీసేటందుకు ఏం లేదు."

నేను చదువుకున్నవాణ్ణే. కారణాలు వెతికాను. యూరప్ నుంచి వచ్చిన కొన్ని జాతుల ఆడవాళ్ళు ఇంట్లో నేల మీద ఇసుకతో డిజైన్లు వేసేవారట, ఎక్కడో చదివాను. ఆ ఆంట్ అలాంటి ఇంటి మనిషి అయి ఉండొచ్చు. ఇసుక లేని చోట బూడిద వాడి ఉండొచ్చు. సమాధి అంటారా, దున్నని మూల కనకనే పటంలో ఖాళీ, ఖాళీ కనకనే నేను గుర్తు పెట్టాను, పాతినవాళ్ళు కూడా పంటకి అడ్డం లేని చోటు చూసే పాతి ఉంటారు. వాళ్ళకీ నాకూ ఒకే బుద్ధి పుట్టిందనుకోవచ్చు. హెరాల్డ్ ఎప్పుడో నాతో బూడిద మాట అని ఉంటాడా అంటే, ఆయనకే తెలియదు. ఎడమకాలి దగ్గర మాత్రం నా కారణాలన్నీ ఆగిపోయాయి.

హెరాల్డ్ వెళ్ళిపోయే ముందు ఒక సాయం అడిగాడు. రాయి మీద 'ఆంట్' అని చెక్కిస్తున్నారు. కింద ఆవిడ వేసినదానిలాంటి పువ్వొకటి ఉండాలని అమ్మ కోరిక, గీసివ్వగలవా అన్నాడు. పైపులైన్లు గీసే చేతికి ముగ్గెక్కడ వస్తుంది? పద్మకి, ఎవరో అమెరికన్‌కి డిజైను కావాలట అని చెప్పి గీయించాను. తను ఇక్కడ స్కూల్లో లెక్కల టీచరు, చుక్కలు కొలిచినట్టు పెడుతుంది. వేసిచ్చింది. నెబ్రాస్కా నుంచి ముసలావిడ జవాబు వచ్చింది, బాగుంది కానీ ఆంట్‌కి ఇంత పనితనం లేదు అని. మా ఆవిడ వారం రోజులు గర్వంగా తిరిగింది.

ఇటీవల హెరాల్డ్ దగ్గరనుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, చేతులు ఖాళీ లేక స్పీకరు పెట్టాను. రాయి వేశారట. తల్లిని వ్యానులో పొలం దాకా తీసుకెళ్ళి, అద్దం దించితే, అలా చాలాసేపు చూసిందట. చలి వేస్తుందన్నా అద్దం ఎత్తనివ్వలేదట. ఇక ఇంటికి పోదాం అని తనే అందట. నాలుగు రోజుల తర్వాత నిద్రలోనే వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఒక మాట చెప్పమంది అన్నాడు హెరాల్డ్. మూర్తి వాళ్ళ అత్తకి నా తరఫున థాంక్స్ చెప్పమను అని.

మెసేజ్ అయిపోయింది. పద్మ స్టవ్ కట్టేసింది.

"ఏ అత్తండీ? మావయ్యగారు ఒక్కరే కదా, వారికి అక్కచెల్లెళ్ళు ఎక్కడున్నారు?"

నేను ఉల్లిపాయలు తరుగుతూనే ఉన్నాను.

ఇక ఇందులో ఏది నిజం కాదో చెప్పాలి. టోల్ గేటు దాకా వెళ్ళలేదు, దానికి ముందు మలుపులోనే తెలివొచ్చి వెనక్కి తిరిగాను. హెరాల్డ్ నాకన్నా జానెడు పొడుగు, అంతే. కప్పు మామూలు కప్పే. ఇవన్నీ పెంచినవి.

పుట్టించింది ఒక్కటే. నాకు మేనత్త లేదు. మా నాన్న ఏకైక సంతానం, మా నాయనమ్మ నన్ను కూడా ఎత్తుకుని పెంచింది. మా ఇంట్లో బూడిదతో ముగ్గు వేసినవాళ్ళు ఎవరూ లేరు. ఆ గురువారం రెండు టీల మధ్య, ఖాళీ చోటు నింపడానికి ఆవిణ్ణి నేనే తయారుచేశాను. ఆదివారం హెరాల్డ్ ఎర్రబడ్డ కళ్ళు చూశాక, గాలిలోంచి పుట్టించానని చెప్పే ధైర్యం లేక, మా అత్త అన్నాను. ముసలావిడ అడిగితే మళ్ళీ అదే అన్నాను. ఇక్కడ మీకూ అదే చెప్పుకొచ్చాను.

ఎడమకాలితో చెరిపెయ్యడం అన్న మాట కూడా ఆ రోజు నాకు తోచింది. టైపు కొట్టబోయి, ఇది మరీ ఎక్కువైపోతుంది, ఎవరూ నమ్మరు అనుకుని, నేనే మానేశాను. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.